తెల్లబడిన ప్లగ్గు

మీరు నలుగురికీ చెప్పిన మాట తప్పని తేలిందనుకోండి, దాన్ని నమ్మి నడుచుకుంటున్న మనిషికి ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు?

నాకు గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేనూ, మా ఆవిడా, బిగుసుకుపోయిన ఇంజనూ దాచేపల్లి రోడ్డు పక్కన సున్నపురాయి దుమ్ములో ఉన్నాం.

నా బండి టూ స్ట్రోక్. నా మేష్టరు ఉద్యోగం కన్నా పాతది. పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. పల్నాడు ఊళ్ళు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడి రావడానికి నాకున్న వాహనం అదే. వెనక సీటు మా ఆవిడది. బండి లీటరుకు ముప్పై కిలోమీటర్లు ఇచ్చేది. అది నాకు చాలలేదు. కార్బురేటర్ లోపల మెయిన్ జెట్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. దాని నడుమ ఉన్న సన్నటి బెజ్జం గుండానే ఇంజనుకు పెట్రోలు అందుతుంది. ఆ బెజ్జం ఇంకా సన్నదైతే పెట్రోలు తక్కువ తాగుతుంది కదా అన్నది నా తర్కం.

నరసరావుపేట షెడ్డులో మెకానిక్ వద్దన్నాడు.

"కంపెనీవోడు తెలివితక్కువోడా మాస్టారూ? సన్నం జెట్టేస్తే ఇంజను కాలిపోద్ది."

"ఎవరో చెప్పారని నమ్మే మనిషిని కాదు నేను. పరీక్షించి చూద్దాం."

"మీతో వాదనేసుకునే ఓపిక నాకు లేదులే. ఇటు తొయ్యండి బండి."

పరీక్షించాను. మాచర్లలో ట్యాంకు అంచుదాకా పోయించి, నరసరావుపేట వచ్చాక మళ్ళీ అంచుదాకా పోయించి చూస్తే లీటరుకు నలభై ఐదు వచ్చింది. ఆ రోజు పడమటి గాలి దారి పొడవునా వీపున తోసింది. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. తరవాత మూడుసార్లు కొలిస్తే ముప్పై రెండు దాటలేదు. ఒకసారి ఎదురుగాలి అన్నాను. ఇంకోసారి గురజాల దగ్గర రోడ్డు పనులన్నాను. మూడోసారి వెనక కూర్చున్న మనిషి బరువన్నాను.

"మరి మాచర్ల నించి వచ్చిన్రోజు నేను గాల్లో వచ్చానా?" అంది మా ఆవిడ.

నవ్వేసి ఊరుకున్నాను. నలభై ఐదును కనపడిన ప్రతివాడికీ చెప్పాను. ముప్పై రెండును ఎవరికీ చెప్పలేదు. సోదె చెప్పేవాళ్ళను సభల్లో నేను ఎండగట్టేది సరిగ్గా ఈ పనికే. ఫలించిన జోస్యం ఊరంతా తిరుగుతుంది, తప్పినవి ఎక్కడికి పోతాయని అడిగి చప్పట్లు కొట్టించుకున్నాను. నావి ఎక్కడికి పోయాయో నన్నెవరూ అడగలేదు.

మా వీధిలో పాలుపోసే అతనిదీ అదే రకం బండి. హ్యాండిల్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాడు. బండిని నడిపేది నిమ్మకాయా, పెట్రోలా అని నిలదీసి, అతని చేతనే ఆ దండ తెంపించాను. అదే ఊపులో షెడ్డుకు తీసుకెళ్ళి జెట్టు కూడా మార్పించాను. ఒక మనిషిని మార్చానని ఆ వారమంతా ఛాతీ విరుచుకు తిరిగాను.

మొన్న ఎండాకాలంలో దాచేపల్లిలో ఒక దండల పెళ్ళికి బయలుదేరాం. పురోహితుడు లేని పెళ్ళి, నేను మాట్లాడాలి. దాచేపల్లి ఇంకా కొంత దూరం ఉందనగా ఇంజను చప్పుడు సన్నబడి కీచుమంది. మరుక్షణం వెనక చక్రం పట్టేసింది. బండి ఈడ్చుకుంటూ పోయి రోడ్డు అంచున పడింది. వెనక సిమెంటు లారీ బ్రేకులు అరిచాయి.

"ఏం పెద్దాయనా, సావటానికి నా లారీయే దొరికిందా?" అని డ్రైవరు కిటికీలోంచి తిట్టి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ మోచేయి గీరుకుపోయింది. నాకేమీ కాలేదు. కిక్కు కొడితే కడ్డీ కదల్లేదు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు ఊడదీసి చూశాను. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజను ప్లగ్గు ఇటుక రంగులో ఉండాలి. ఈ తెలుపు నేను అంతకుముందూ చూశాను, శుభ్రంగా మండుతోందని మురిశాను. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఇంజను అతిగా వేడెక్కుతుంది. పైగా ఆయిల్ కూడా ఆ బెజ్జంలోంచే రావాలి. పెట్రోలుతోపాటు దాన్నీ కోసేశాను.

షెడ్డుకు ఫోన్ చేస్తే ట్రాలీ ఆటో పంపుతానన్నాడు మెకానిక్, గంటన్నర పడుతుందన్నాడు.

మా ఆవిడ కొంగుతో మోచేయి తుడుచుకుంటూ అడిగింది. "పాలాయన బండిక్కూడా ఇదేగా మీరు పెట్టిచ్చింది?"

నేను ప్లగ్గును రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాను.

"ఫోన్ చెయ్యండి."

"ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు."

"షెడ్డుకు పోయిన సిగ్నలు పాలాయనకు పోదా?"

ఎటూ పోవడానికి లేదు. చుట్టూ చిల్లచెట్ల ముళ్ళకంప, మనిషికి చాలినంత నీడ లేదు. లారీ వెళ్ళిన ప్రతిసారీ దుమ్ము మా ఇద్దరినీ ఇంకాస్త తెల్లగా చేస్తోంది. పడుకుని ఉంటాడన్నాను. సాయంత్రం ఎదురుగా చెబుతానన్నాను. ఆమె నా చేతిలో ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. దూరంగా ట్రాలీ కనిపించాక అంది, "ఎక్కేముందు చెయ్యండి. రేపు పొద్దున రెండు క్యాన్లు కట్టుకుని ఇట్టాంటి లారీల మధ్యే పోతాడు."

చేశాను.

"ఏంది మాస్టారూ, ఎండపూట గుర్తొచ్చాను?"

"ఆ జెట్టు తీయించెయ్. పాతది వేయించు. నేను చెప్పింది తప్పు. నా బండి పట్టేసింది."

అతను నవ్వాడు. "మీది చానా పాతది మాస్టారూ. నాది బెమ్మాండంగా ఉంది. మొన్న నలభై మూడిచ్చింది."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజులు క్యాన్ల బరువుంటదిగా! మీరు చెప్పాక తిరుగేముంది? నిమ్మకాయ తీసేసినా ఏం కాలా."

"ఏమన్నాడు?" అంది మా ఆవిడ.

"నమ్మడం లేదు."

"మరి మీరంత బాగా చెప్తారు."

నా బండికి ఇంజను పని చేయించి పాత జెట్టు వేయించాను. మళ్ళీ ముప్పై ఇస్తోంది. ఆ తెల్ల ప్లగ్గు పట్టుకుని పాలతని ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. కాఫీ ఇచ్చాడు, తరవాత చూద్దామన్నాడు. రోజూ పొద్దున మా గేటు దగ్గర అతని బండి సన్నగా కీచుమంటుంది, నా ఒళ్ళు బిగుసుకుపోతుంది. నిమ్మకాయ ఉన్నచోట ఇప్పుడు నేను వేలాడుతున్నాను. అతను నన్ను తెంపడం లేదు.

సభలు అయ్యాక, టీ కొట్ల దగ్గర, ఇంకెంతమందికి ఆ నలభై ఐదు చెప్పానో నాకు గుర్తు లేదు. వాళ్ళలో మీరూ ఉంటే ఈ పేజీ ఇక్కడ వదిలి లేవండి. నన్ను నమ్మి కాదు, ప్లగ్గు ఊడదీసి మీ కళ్ళతో చూడండి. తెల్లగా ఉంటే ఆ బండి మళ్ళీ రోడ్డెక్కకముందే పాత జెట్టు వేయించండి.