ఫ్రిజ్ చూశాకే సంతకం

నర్సంపేట నుంచి వరంగల్ పోయే బస్సులో నా భార్య తల నా భుజం మీద వాలిపోయి ఉంది. పత్తిచేనులో పాము కరిచి గంట దాటింది. రెప్పలు ఎత్తలేకపోతోంది.

ముందు సీట్లో బుర్ఖా వేసుకున్న ముసలామె వెనక్కి తిరిగి చూసింది. "వరంగల్ దాకా ఆగద్దు బిడ్డా. వచ్చేది మా ఊరే, దవాఖాన కాడ దిగుండ్రి."

నేను తల అడ్డంగా ఊపాను. "సర్కారు దవాఖానల మందు ఉండదమ్మా. మా అన్నను గిట్లనే వాపస్ పంపితే తొవ్వలనే పాణం పోయింది."

"అప్పుడు మందు పైనుంచి రావాలె. ఇప్పుడు దవాఖాన పెత్తనం ఊరి కమిటీది, తక్కువైతే మేమే తెప్పిస్తం. నేను గూడ మెంబర్‌నే. పొద్దుగాల ఫ్రిజ్ తెరిచి సూసిన, పాము మందు ఉన్నది. సూడంది నేను మందుల లెక్క బుక్కుల సంతకం పెట్టను."

నమ్మాలో వద్దో నాకు తేలకముందే ఆమె లేచి, బస్సు రేకును అరచేత్తో దబదబా బాదింది. బస్సు ఆగింది.

ఆ దవాఖానలోనే పాము మందు ఎక్కించారు. నా భార్య బతికింది. ఆ ముసలామె పేరు అడగలేదు.

ఇప్పుడు మా మండలం దవాఖాన కమిటీలో నేనూ ఉన్నాను. సంతకం పెట్టే రోజున ఫ్రిజ్ తలుపు పట్టుకుంటాను. తెరిచే ముందు, ఇవాళ్టికీ, నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది.