పెద్ద సిస్టరుగారి ‘చెడిపోయింది’

పసిపిల్లల వార్డు చూసుకునే పెద్ద సిస్టరుకి వస్తువులు దాచడం చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇంట్లో చక్కెర డబ్బా మీద ‘ఉప్పు’ అనీ, ఉప్పు డబ్బా మీద ‘చక్కెర’ అనీ రాసి పెట్టుకున్న మనిషి ఆవిడ. అలా రాస్తే పై వాటాలో ఉండే మరిది పిల్లలు వచ్చి చక్కెర బుక్కరని ధీమా. పిల్లలు ఒక్కసారి ఉప్పు బుక్కి తెలివి తెచ్చుకున్నారు. ఆవిడ భర్త మాత్రం పెళ్ళయి ఇన్నేళ్ళయినా కూరలో చక్కెర వేస్తూనే ఉన్నాడు. పాపం, చదువుకున్నవాడు కదా, రాసి ఉన్నది నమ్ముతాడు.

ఆ తెలివినే ఆవిడ ఆసుపత్రికీ పట్టుకొచ్చింది. అందుకు ఆవిణ్ణి తిట్టి లాభం లేదు, తప్పు తోటికోడలిది. ఆ తోటికోడలు ఆపరేషన్ థియేటరులో హెడ్డు నర్సు. ఇంటి వరసను బట్టి ఆసుపత్రిలో కూడా అందరూ ఈవిణ్ణి పెద్ద సిస్టరనీ, ఆవిణ్ణి చిన్న సిస్టరనీ పిలుస్తారు. చిన్న సిస్టరు వారంలో సగం రోజులు వార్డు గుమ్మంలోనే కనిపించేది. “అక్కా, మాది చెడిపోయింది. ఒక్క గంట నీది ఇవ్వవూ?” అంటూ చెయ్యి చాపేది. ఆ గంట ఎప్పటికీ అయ్యేది కాదు. మానిటరు వెళ్తే తీగలు లేకుండా వచ్చేది. లైటు స్టాండు వెళ్తే స్టాండు ఒక్కటే వచ్చేది.

చూసి చూసి పెద్ద సిస్టరు ఒకరోజు తెల్లటి ప్లాస్టరు చుట్ట తీసింది. పనిచేసే ప్రతి యంత్రం మీదా ఒక ముక్క అంటించి ‘చెడిపోయింది’ అని రాసేసింది. నిజంగా చెడిపోయిన బీపీ యంత్రం మీదా, తూకం యంత్రం మీదా ‘బాగుంది’ అని రాసింది. ఇక ఎవరు అడగొచ్చినా ఆవిడంత దాత లేరు. “తీసుకెళ్ళండమ్మా, మీదీ మాదీ ఏముంది!” అని బీపీ యంత్రం చేతిలో పెట్టేది. కాసేపటికి వాళ్ళు మొహం వేలాడేసుకుని తిరిగి వచ్చేవాళ్ళు. “మా చేతుల్లో పాడైపోయింది సిస్టరుగారూ, ఏమీ అనుకోకండి” అనేవాళ్ళు. ఆవిడ పెద్ద మనసు చేసుకుని క్షమించేది.

వార్డులో అందరికంటే ముద్దుబిడ్డ వార్మరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే బల్ల అది, పైన హీటరు ఉంటుంది. వార్డుకి ఉన్నది అదొక్కటే, దాన్ని కూడా చిన్న సిస్టరు అడపాదడపా పట్టుకెళ్ళేది. దాని మీద ‘చెడిపోయింది’ అని మిగతావాటికంటే పెద్ద అక్షరాల్లో రాసింది. రానురాను వార్డులో దాని పేరే అదైపోయింది. “చెడిపోయిందిని తుడిచావా?” “చెడిపోయింది మీద దుప్పటి మార్చు” అని ఆయమ్మకి పురమాయించేది. ఆ యంత్రం ఒక్కరోజు కూడా మొరాయించలేదు. ఎందరు పిల్లలు దాని కింద ఎర్రగా, గుండ్రంగా తయారై ఇళ్ళకి వెళ్ళారో!

ఇలా హాయిగా సాగిపోతూ ఉండగా ఇంజనీర్లు వచ్చిపడ్డారు. వీళ్ళు ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు పెట్టుకుని, పనిముట్ల సంచులు మోసుకుని, ఊరూరా ఆసుపత్రులు తిరుగుతూ చెడిపోయిన యంత్రాల్ని ఉచితంగా బాగుచేసే జట్టు. బంగారంలాంటి మనుషులు. వాళ్ళని తీసుకుని సూపరింటెండెంటు నేరుగా పసిపిల్లల వార్డుకే వచ్చాడు.

“మా పెద్ద సిస్టరు పద్ధతి చూడండి. చెడిపోయిన ప్రతిదాని మీదా ఎంత శుభ్రంగా రాసి పెట్టారో! మీకు వెతుక్కునే పనే లేదు” అన్నాడు పొంగిపోతూ.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆవిణ్ణి మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెచ్చుకోలు మీద నీళ్ళు చల్లడానికి నోరు రాలేదు.

జట్టుకి పెద్ద ఒక గడ్డం ఇంజనీరు. ఆ పూట ఖాళీగా ఉన్న వార్మరుని చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

“దీనికేం కంప్లయింటమ్మా?”

“అదీ... అప్పుడప్పుడు చల్లబడిపోతుందండీ.”

ఆయన స్విచ్చి వేశాడు. అది ఎప్పట్లాగే ఎర్రగా వెలిగి, చక్కగా వేడెక్కింది. ఆ ద్రోహిని చూసి పెద్ద సిస్టరు పళ్ళు నూరుకుంది.

“ఇప్పుడు బాగానే ఉందే?”

“కొత్తవాళ్ళని చూస్తే బాగానే ఉంటుందండీ.”

అంతే, గడ్డం ఇంజనీరు కళ్ళు మెరిశాయి. “వచ్చిపోయే జబ్బన్నమాట! అన్నిట్లోకీ మొండి జబ్బు ఇదేనమ్మా. మీరేం దిగులు పడకండి, దీని అంతు చూసిగానీ కదలను” అని చొక్కా చేతులు మడిచాడు.

నేల మీద దుప్పటి పరిచారు. మొదట పక్క రేకు ఊడింది. లోపల ఏ లోపమూ లేదు. ఇంకా లోపల ఉండి ఉంటుందని వెనక రేకు విప్పాడు. అక్కడా లేదు. ఎంతకీ దొరక్కపోయేసరికి లోపం చాలా పెద్దదని తేల్చుకున్నాడు. ఆపమని చెప్పాలని పెద్ద సిస్టరు నోరు తెరిచినప్పుడల్లా పక్కన సూపరింటెండెంటు మురిపెంగా తల ఊపేవాడు. ఆవిడ నోరు మూసుకునేది.

“చప్పుడేమైనా చేస్తుందా?” అని దుప్పటి మీద నుంచే అడిగాడు ఇంజనీరు.

“చేస్తుందండీ.”

“ఎలాంటి చప్పుడు?”

ఆ కంగారులో ఆవిడకి తట్టింది ఒక్కటే. “మా అత్తగారిలా అండీ.”

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే చిన్న సిస్టరు. తమాషా చూడ్డానికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. గడ్డం ఇంజనీరు ‘అత్తగారు’ ఏ భాగంలో ఉంటుందా అని ఆలోచించి, హీటరుని కూడా ఊడదీశాడు.

సరిగ్గా అప్పుడే కాన్పుల గదిలోంచి ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది.

“సిస్టరమ్మా! నెలలు నిండని కాన్పట. బిడ్డ బయటికి వచ్చేస్తోంది. తొందరగా చెడిపోయిందిని వేడి చెయ్యమంటోంది డాక్టరమ్మ!”

“చెడిపోయినదాన్ని వేడి చెయ్యడమేమిటి?” అన్నాడు సూపరింటెండెంటు.

“అదేనండీ, మన చెడిపోయింది! రోజూ పిల్లల్ని పడుకోబెట్టేది!” అంటూ ఆయమ్మ దుప్పటి మీదకి చూసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

పెద్ద సిస్టరుకి పరువు, మెచ్చుకోలు, ఇన్నేళ్ళ తెలివి, ఏవీ గుర్తు రాలేదు. గోడ అవతల పుట్టబోయే ఆ గుప్పెడు ప్రాణం ఒక్కటే గుర్తొచ్చింది.

“దానికే జబ్బూ లేదండీ!” అని అరిచేసింది. “బంగారంలా పనిచేస్తుంది! ఎవరూ పట్టుకెళ్ళకూడదని నేనే రాశాను. బాగున్నవాటి మీద చెడిపోయిందనీ, చెడిపోయినవాటి మీద బాగుందనీ రాశాను. నన్ను తర్వాత తిట్టండి. ముందు దాన్ని బిగించండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!”

గడ్డం ఇంజనీరు తన చుట్టూ పరిచి ఉన్న ముక్కల్ని చూసుకున్నాడు. “బిగిస్తానమ్మా. కానీ ఉన్నపళంగా అంటే అవదే...” అన్నాడు ఏడుపు గొంతుతో.

పెద్ద సిస్టరు గుమ్మం వైపు చూసింది. చిన్న సిస్టరు అక్కడ లేదు. ఇంకేం, ఊరంతా టముకు వెయ్యడానికి వెళ్ళి ఉంటుంది, సాయంత్రానికి అత్తగారిదాకా చేరుతుంది అనుకుంది. వెళ్తే వెళ్ళనీ అనుకుని, దుప్పట్లు వెచ్చబెట్టమని ఆయమ్మని తరిమి, తానూ కాన్పుల గదివైపు కదిలింది.

వరండాలో చక్రాల చప్పుడు. చిన్న సిస్టరు ఆయాసపడుతూ ఏదో తోసుకొస్తోంది. మీద ఆకుపచ్చ దుప్పటి కప్పి ఉంది. లాగితే కింద థియేటరు వాళ్ళ నిగనిగలాడే వార్మరు, దాని నుదుటి మీద తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద ‘చెడిపోయింది’.

“పనిచేస్తుంది. ప్లగ్గు పెట్టు. నన్నేమీ అడక్కు” అంది చిన్న సిస్టరు.

పెద్ద సిస్టరు అడగలేదు, ప్లగ్గు పెట్టింది. అది వెచ్చబడుతూ ఉండగానే బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. అరచేతికి కాస్త ఎక్కువ, అంతే. ఇద్దరూ కలిసి తుడిచారు, పడుకోబెట్టారు, చూస్తూ నిలబడ్డారు. నీలంగా ఉన్న పాదాలు మెల్లగా గులాబీ రంగుకి తిరిగాయి. పిల్ల కెవ్వుమంది. పెద్ద సిస్టరు కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణంలో తోటికోడలి మీద పుట్టినంత ప్రేమ ఆవిడకి ఎప్పుడూ పుట్టలేదు. అంత కోపమూ ఎప్పుడూ రాలేదు.

“ఇది ఉంచుకుని కూడా నాది పట్టుకెళ్ళేదానివా?”

“వాడితే అరిగిపోదూ?” అంది చిన్న సిస్టరు, తల దించుకుని.

ఆ మధ్యాహ్నం ఇంజనీర్లు ‘బాగుంది’ అని రాసినవాటినన్నిటినీ బాగుచేశారు. సూపరింటెండెంటు మిగతా వార్డులూ చూసొస్తానని బయల్దేరితే, ఆయన చేరేలోపే ప్రతి వార్డులోంచీ చర్రు చర్రుమని ప్లాస్టర్లు పీకేసే చప్పుడు వినిపించింది. గడ్డం ఇంజనీరు పెద్ద సిస్టరు వార్మరుని అప్పటికింకా బిగిస్తూనే ఉన్నాడు.

సాయంత్రం చిన్న సిస్టరు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. “అక్కా, మరి నా వార్మరు...”

పెద్ద సిస్టరు పిల్ల నెత్తిన ఊలు టోపీ సర్దుతూ వెనక్కి తిరగలేదు. “దాని మీద పడుకున్నావిణ్ణి అడుగు. ఇస్తే పట్టుకుపో.”

చిన్న సిస్టరు వంగి చూసింది. పిల్ల పిడికిలి బిగించి నిద్రపోతోంది. చిన్న సిస్టరు వెళ్తూ వెళ్తూ పిల్లకి గాలి తగలకుండా కిటికీ తలుపు వేసి వెళ్ళింది.