బేస్‌మెంట్‌లో రెండు దేశాల వాకబు

కెనడాలోని విండ్సర్‌లో మేం నలుగురు ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. హీటరూ రైస్ కుక్కరూ ఒకేసారి పెడితే కరెంటు పోయేది. అందుకని అన్నం ఉడికేదాకా కోట్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆఫ్రికాలో జనం ఎలా బతుకుతారో మేం తేల్చింది ఆ కోట్లలో కూర్చునే.

తేల్చాల్సిన అవసరం అక్క వల్ల వచ్చింది. మాలో అందరికంటే పెద్దది, కరీంనగర్ మనిషి. నేను కాలేజీలో చేరిన ఏడాది ఊరంతా స్టూడెంట్లే. గది దొరక్క బస్ స్టేషన్‌లో సూట్‌కేసు మీద కూర్చుని ఉంటే, ముక్కూ మొహం తెలియని నన్ను వెంటబెట్టుకొచ్చి తన పరుపులో సగం ఇచ్చింది. ఆ అక్క వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది. ఇక్కడే ఉండిపోవడానికిచ్చే పీఆర్‌కి కావలసిన పాయింట్లు ఆమెకి అందినట్టే అంది మళ్ళీ పైకి పోయేవి. ఖాళీ చేతులతో ఇంటికి పోవాలన్న ఆలోచనకే ఆమెకి ముద్ద దిగేది కాదు.

ఇంతలో వాళ్ళ మేనమామ రెండు ఉద్యోగాలు చూశాడు. ఒకటి ఉగాండాలో, కంపాలా దగ్గర మనవాళ్ళ ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో అకౌంట్స్. ఇంకోటి టాంజానియాలో, దార్ ఎస్ సలాంలో మనవాళ్ళదే బోర్‌వెల్ కంపెనీ, పని అదే. జీతాల్లో పెద్ద తేడా లేదు.

"ఏ దేశం మంచిగుంటదే?" అని అక్క అడిగింది.

ఇలాంటివి తేల్చడానికి మాకు తెలిసిన పద్ధతి ఒకటే, పెళ్ళి సంబంధం వాకబు. పిల్లాడి సంగతి పిల్లాడింట్లో అడిగితే ఏం తెలుస్తుంది, పక్కింట్లో అడగాలి అంది మాలోని విజయవాడ పిల్ల. నిజమే కదా అనుకున్నాం. ఉగాండా గురించి టాంజానియా వాళ్ళనీ, టాంజానియా గురించి ఉగాండా వాళ్ళనీ అడగాలని తీర్మానించాం.

నేను పార్ట్‌టైమ్ చేసే ముసలివాళ్ళ కేర్ హోమ్ వంటగదిలో కంపాలా అమ్మాయి ఒకతె ఉండేది. టాంజానియా ఎలాంటిదంటే పడీపడీ నవ్వింది. "వాళ్ళు పలకరింపులు ముగించేలోగా మా ఊళ్ళో పనే అయిపోతుంది" అంది. మా కాలేజీ సెక్యూరిటీ గార్డుది దార్ ఎస్ సలాం. ఉగాండా పేరెత్తగానే పెదవి విరిచాడు. "పొద్దునా అరటికాయే, సాయంత్రమూ అరటికాయే. సముద్రం కూడా లేదు పాపం" అన్నాడు. ఈ ముక్కలన్నీ మోసుకొచ్చి అక్క ముందు పోశాం. అరటికాయ వేపుడు మనకిష్టమే కాబట్టి ఉగాండాకి మార్కులు పడ్డాయి. పలకరింపులకే పొద్దుగూకే చోట లెక్కలెప్పుడు తేలతాయని టాంజానియాకి కోశాం.

ఆ తర్వాత మా సొంత తెలివి మొదలైంది. అక్కడ బస్సులు టైముకొస్తాయా అని అడిగింది విజయవాడ పిల్ల, స్టాపులో నిలబడి నిలబడి చివరికి మంచులో నడిచొచ్చి, తడిసిన బూట్లు విప్పుతూ. డాక్టర్లుంటారా అంది నాలుగో పిల్ల. ఆమెకి పంటినొప్పి. ఇండియా వెళ్ళినప్పుడు చూపించుకుందామని ఒక పక్కే నములుతూ కాలం గడుపుతోంది. ఉగాండాలో ఒకప్పుడు మనవాళ్ళని దేశం వదిలి పొమ్మన్నారట అని నేను భయపెట్టాను. పర్మిట్ అయిపోతున్న అక్క నా వైపు ఒక చూపు చూసింది.

అయినా చివరికి ఉగాండాయే నెగ్గింది. అక్క మా మాట విని టాంజానియా వాళ్ళకి ఆలోచించుకుని చెప్తానని మెసేజ్ పెట్టి, ఉగాండా వాళ్ళ వీడియో ఇంటర్వ్యూకి కూర్చుంది. వెనకాల గోడకి ఆనించిన సూట్‌కేసులు, తాడు మీద ఆరేసిన నలుగురి బట్టలు. మేం ముగ్గురం కెమెరాకి కనపడకుండా వంటగట్టు పక్కన నక్కాం. అవతల మేనేజరు గుంటూరాయన. రెండు ప్రశ్నలడిగి ఆగాడు.

"స్టోర్ రూమ్‌లో కూర్చున్నట్టున్నారమ్మా. నాకేం తొందర లేదు, మీ గదిలోకి వెళ్ళి మాట్లాడండి."

"ఇదే గదండీ" అంది అక్క.

ఆయన పాపం నొచ్చుకున్నాడు. తర్వాత మరీ మర్యాదగా మాట్లాడాడు. "మీరు కెనడాకి అలవాటుపడ్డవాళ్ళు, ఇక్కడ సర్దుకోలేరేమోనని మా ఎండీ గారి అనుమానం. మేమిచ్చే క్వార్టర్ చిన్నది, రెండు గదులే. వంటమనిషి కూడా ఒక్క పూటే వస్తుంది."

వంటగట్టు పక్కన మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

మర్నాడు మెయిల్ వచ్చింది. కంపాలాలోనే పనిచేసినవాళ్ళెవర్నో తీసుకున్నారట. మాకు ఒళ్ళు మండిపోయింది. ఉగాండా వాళ్ళు మనల్ని వద్దంటారా అని విజయవాడ పిల్ల గరిటె పట్టుకుని ఊగిపోయింది. ఇన్నాళ్ళూ దేశాలకి వంకలు పెట్టినవాళ్ళమే తప్ప, అవతలివాళ్ళు కూడా మనల్ని చూసుకుంటారన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

అక్క మాత్రం ఎవర్నీ అడక్కుండా ఫోన్ తీసి టాంజానియాకి కలిపి స్పీకర్‌లో పెట్టింది. "సార్, ఆ పోస్టు ఇంకా ఉందాండీ?" అని అడిగింది. కనుక్కుని చెప్తానని అవతలాయన ఫోన్ పక్కన పెట్టాడు. అటునుంచి లారీల హారన్లు, ఎవరో నవ్వుతున్న చప్పుడు. ఆ దేశాన్ని నోటికొచ్చినట్టు తిట్టిపోసిన మేం ముగ్గురం, ఆ ఉద్యోగం మిగిలుండాలని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ నిలబడ్డాం.

"ఉందమ్మా. ఎప్పుడొస్తారు?"

మేం ఎగిరి గంతేశాం. గోల తగ్గించమని పై అంతస్తులోంచి ఇంటి ఓనరాంటీ నేల మీద కాలితో తన్నింది. అక్క నవ్వుతూ నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, ఆమె వెళ్ళిపోతోందని. ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు.

"గింత మంచి మాటకు ఏడుస్తవేందే?"

"ఈ దేశంలో నాకు నువ్వు తప్ప ఎవరున్నారక్కా!"

అక్క నాకేదో చెప్పబోయింది. ఫోన్‌లో ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. నా చెయ్యి వదలకుండానే, వచ్చే నెల వస్తానండీ అని ఆయనకి చెప్పింది.