వరుసలో చివరి చెయ్యి

ఇందులో ఒక్క ముక్క కల్పించినా నా డిగ్రీ పట్టా వెనక్కిచ్చేస్తాను. నవ్వకండి... నిజంగానే అంటున్నాను. ఆ లైటు మాత్రం ఆర్పకండి.

మాది నర్సీపట్నం. నేను విశాఖలో బీఏ ఆంత్రోపాలజీలో చేరినప్పుడు, బస్టాండు దగ్గర మా నాన్న టైర్ల షాపుకొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న.

"ఆంత్రో... అదేటండీ? డాక్టరా?"

"మనుషుల గురించి సదువంట," అనేవారు నాన్న, తనకే నమ్మకం లేనట్టు. ఆఖరి ఏడాది ఫీల్డువర్కు పాడైతే షాపులో కూర్చోబెడతానని కూడా అన్నారు.

ఫీల్డువర్కు అంటే ఒక ఊళ్లో ఉండి, అక్కడివాళ్లతో తిని, పని చేసి, వాళ్ల బతుకు తెలుసుకోవడం. మా ఊరికి కొండలు దూరమేం కాదు. బస్సు దిగి కాలిబాట పట్టి పైకెక్కితే చిన్న ఊరు. అక్కడ కొండమ్మ అనే ఆవిడ ఇంట్లో దిగాను. పిన్నీ అని పిలిచేదాన్ని. మంచి మనిషే. కానీ ఏం అడిగినా ముక్తసరిగా చెప్పి పనిలోకి వెళ్లిపోయేది. మిగతా ఆడవాళ్లూ అంతే. నేను వెళ్తే చాలు, మాటలు ఆగిపోయేవి. పడుకున్నాక ఏడుపొచ్చేది నాకు.

ఒకరోజు ఊళ్లో పెళ్లి. చీకటి పడగానే డప్పులు మొదలయ్యాయి. ఆడవాళ్లు థింసా ఆడటానికి లేచారు. ఒకరి వీపు వెనక ఒకరు చేతులు వేసుకుని... గొలుసులా... మెల్లగా ముందుకు, మెల్లగా వెనక్కి. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను.

"ఎంతసేపు సూత్తావు పాపా? బేగి రా!" పిన్ని కేకేసింది.

"నాకు రాదు పిన్నీ."

"కాళ్లకి అదే వొత్తాది. రా."

వరుస చివర పిన్ని. ఆమె పక్కన నేను. నా తర్వాత ఎవరూ లేరు. నా ఎడమ చెయ్యి పిన్ని వీపు వెనక. కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. అటువైపు ఒక పనసచెట్టు... దాని వెనక మంచు.

మొదట్లో అడుగులన్నీ తప్పే. ఇటు వెయ్యమంటే అటు. తర్వాత ఏమైందో... డప్పు చప్పుడు మెత్తబడింది. దూరంగా ఎక్కడో మోగుతున్నట్టు. గజ్జెలు... ఘల్... ఘల్... కట్టెల పొగ, వెన్నెల, మంచు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నిద్రలో నడుస్తున్నట్టుంది.

అప్పుడు... నా కుడి చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

ఎవరో కొత్తగా వచ్చి కలిశారనుకున్నాను. నా చూపంతా కాళ్ల మీదే ఉంది. వేళ్లు గరుకుగా ఉన్నాయి. పని చేసిన వేళ్లు. మణికట్టుకున్న గాజు నా చేతికి తగులుతోంది... టిక్... టిక్... నేను అడుగు తప్పబోతే ఆ చెయ్యి చిన్నగా లాగేది. అంతే, కాలు సరిగ్గా పడేది. ఇంక ఒక్క అడుగూ తప్పలేదు. హాయిగా ఉంది. నవ్వుకుంటూ, ఎవరా అని పక్కకు తిరిగాను.

ఎవరూ లేరు.

చెయ్యి మాత్రం... ఉంది.

అరవాలి కదా? అరవలేదు. కాళ్లు ఆగలేదు. ఆ గాజు చప్పుడు వింటూ అలాగే ఆడాను. ఎంతసేపో తెలీదు. డప్పులు ఆగాయి. నిద్రపోయిన పిల్ల చేతిలోంచి అమ్మ వేలు తీసుకున్నట్టు... మెల్లగా, ఒక్కో వేలూ... వదిలేసింది.

అప్పుడు పుట్టింది భయం. ఉన్నచోటే నేల మీద కూర్చున్నాను.

"ఏటయినాది పాపా?" పిన్ని పట్టుకుంది.

"నాకు అటుపక్క... ఎవరు పిన్నీ?"

"అటుపక్క ఎవులున్నారు? సివర నువ్వే కదా..." అంటూ నా కుడి చెయ్యి చూసి ఆగిపోయింది. ఆ చేతిని నేను ఇంకా సగం మూసే ఉంచాను, దేన్నో పట్టుకున్నట్టు.

ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. పిన్ని అత్తగారు, బాగా ముసలావిడ, నా ముందు కూర్చుంది.

"సెయ్యి సల్లగా ఉన్నాదా... ఎచ్చగా ఉన్నాదా?"

"వెచ్చగానే ఉందండీ."

ఆవిడ కళ్లు మూసుకుంది. "అయితే అక్కడ బాగానే ఉన్నాది," అని చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

ఎవరని అడిగాను. ముసలావిడ లేచి ఇంట్లోకి వెళ్లి చాప పరిచింది. ఆ రాత్రి ఆడవాళ్లు నన్ను తమ మధ్యలో పడుకోబెట్టుకున్నారు.

తెల్లారిన దగ్గర్నుంచి వాళ్లు నాతో మాట్లాడటం మొదలుపెట్టారు. పురుళ్లు, పంటలు, అలకలు, చావులు... నేను అడగకుండానే చెప్పేవారు. ఫీల్డువర్కు గట్టెక్కింది. ఆ చెయ్యి ఎవరిదని అడిగితే మాత్రం ఎవరి పనిలో వాళ్లు పడేవారు.

నేను బయల్దేరే రోజున ముసలావిడ కాలిబాట దాకా వచ్చింది. నా కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, చాలా మెల్లగా అడిగింది.

"మళ్లీ వొత్తానన్నాదా?"

"ఏమీ అనలేదండీ," అన్నాను.

తల ఊపి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

వస్తానందని చెప్పి ఉండాల్సిందేమో. కానీ... ఎవరో కూడా తెలియకుండా, ఎవరి మాటగా చెప్పను?