లస్కరు గాజుగ్లాసు

ఎనభైల్లో వినుకొండ వైపు ఒక రిజర్వాయరు మీద నేను కొత్త ఇంజనీరుని. అక్కడ కట్ట కాపలా చూసే ముసలి లస్కరు రోజూ పొద్దున్నే కట్ట అడుగున ఊరే నీటిని గాజుగ్లాసులో పట్టి, ఎండకేసి చూసేవాడు.

"తేటగా ఉన్నాయి బాబుగారూ. కట్ట చల్లగా ఉన్నట్టే."

ఊట ఎంతో నేను రిజిస్టరులో రాసేవాణ్ణి. అందులో రంగుకు గడి లేదు.

ఆయన రిటైరయ్యాక ఆ పోస్టు అక్కర్లేదని సంతకం పెట్టింది నేనే. వెళ్తూ గ్లాసు నా చేతికిచ్చాడు.

"నీళ్లు ఎర్రబడితే లోపల మట్టి కరుగుతున్నట్టండి. రోజూ చూడండి."

నేను అందులో పెన్నులు పెట్టుకున్నాను.

రెండేళ్లకు కట్ట తెగింది. ముందురోజు కూడా రిజిస్టరులో ఊట మామూలే. కట్ట కింద ఆయన కౌలుకు చేస్తున్న మిరప చేలో ఇసుక మేట వేసింది. ఆ మేట మీద నిలబడి, నన్ను చూసి ఒక్కమాటే అడిగాడు.

"గ్లాసు పగిలిపోయిందా బాబుగారూ?"

పగిలిందనే చెప్పాను.