అక్కడ కాకులుంటయా?

దేశం వదిలి వెళ్లిపోదామనుకుంటున్నానని ఇంట్లో చెప్పినప్పుడు ఎవరూ కంటతడి పెట్టలేదు. మా అత్తమ్మ మాత్రం, "తలకాయ కూర దొరుకుతదా అయ్యా ఆడ?" అని అడిగింది.

దొరుకుతుందన్నాను.

"బోటి?"

అదీ దొరుకుతుంది, జంతువులో వాళ్లు వదిలేసేది అరుపొక్కటే అన్నాను.

"అయితె మనసొంటోళ్లే," అని, పాస్‌పోర్టు ఫొటోకు ఏ చీర కట్టుకోవాలో చూసుకోవడానికి బీరువా దగ్గరికి వెళ్లిపోయింది. ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్లు రెండూ సమ్మెలో ఉన్నాయి. జీవితంలో సముద్రం చూడలేదు. నేను ఎంచుకున్న ఊరు వియత్నాంలో, సముద్రం ఒడ్డునే ఉంది. నేల చదును. ఇంట్లో ఒక ఓటు అడగకుండానే పడింది.

నా సంగతి చెప్పాలి. హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. పెన్షన్ లేదు. జీవితమంతా పిల్లలకు పొదుపు గురించి చెప్పినవాడికి అది జరగడంలో ఏదో న్యాయం ఉండే ఉంటుంది, నాకు ఇంకా కనబడలేదు. దాచుకున్నది కొంత ఉంది, ఆయుష్షు కొంత ఉంది. రెండిట్లో ఏది ముందు అయిపోతుందన్నదే ప్రశ్న. బ్యాంకు వాళ్లు మొదటిదానికి, డాక్టరు రెండోదానికి హామీ ఇవ్వలేమన్నారు. సొంత ఇల్లు ఉంది గనక దాన్ని కిరాయికిచ్చి, ఆ కిరాయితో చవక దేశంలో బతికితే దాచుకున్నది ముట్టనక్కర్లేదు. కాగితం మీద ఈ ఆలోచనకు వంక పెట్టడం కష్టం. కాగితం మీద ఉన్నంతసేపు.

ఆలోచన పెట్టినవాడు ఒక అమెరికావాడు. ఫోన్‌లో వీడియోలు చేస్తాడు. చెడ్డీ వేసుకుని, కొబ్బరిబొండాం పట్టుకుని, ఇక్కడ తక్కువ ఖర్చుతో రాజులా బతకొచ్చని రోజూ చెబుతాడు. ఒకరోజు కాఫీ ఎంత చవకో చూడండి అని ఆశ్చర్యపోయాడు. నేను రూపాయల్లోకి మార్చి చూశాను. ఆ డబ్బుతో మా చౌరస్తాలో మా వీధి మొత్తానికి చాయ్ తాగించవచ్చు. చవక అనేది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుందని అప్పుడే అర్థం కావాల్సింది. నేను మాత్రం, కాఫీ మానేద్దాం అనుకున్నాను.

వీడియోల్లో కనబడని సంగతులు ఒక్కొక్కటే తెలిశాయి. అక్కడ మాలాంటివాళ్లకు కాపురముండే వీసా లేదు. టూరిస్టు వీసా మీద పోయి, మూడు నెలలకోసారి సరిహద్దు దాటి, మళ్లీ లోపలికి రావాలి. మోకాళ్లు సమ్మెలో ఉన్న అత్తమ్మను మూడు నెలలకోసారి దేశం దాటించడం ఎలాగో వీడియోలో చెప్పలేదు.

పక్కింటాయన మాత్రం చెప్పాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. "అంటే బస్‌పాస్ రెన్యువల్ అన్నట్టు సార్. గింతదానికి ఫికరెందుకు?"

అసలు నేను దేశం వదలడానికి డబ్బు సగం కారణమైతే, ఈయన పావు. డ్యూటీ దిగి ఏళ్లవుతున్నా ఆయనకు నోటి అలవాటు పోలేదు. నేను గేటు తీసిన చప్పుడైతే చాలు, గోడ మీదుగా తల లేస్తుంది.

"ఎక్కడికి సార్?"

కూరగాయలకు. దవాఖానకు. ఊరికే. ఏదో ఒకటి చెప్పేదాకా బండి కదలనివ్వడు. చెప్పాక, "గీ ఎండలనా?" అంటాడు. వానాకాలమైతే "గీ వానలనా?" అంటాడు. ఒక్క పొద్దున, ఎక్కడికో ఎవరికీ చెప్పకుండా గేటు దాటాలన్నది నా విదేశీ కలలో ముఖ్యభాగం. ఆ మధ్య అమెరికావాడు చవక దేశాల జాబితా ఇంకొకటి పెట్టాడు. అందులో మన దేశం కూడా ఉంది. ఇక్కడి చిన్న నగరాల్లో ఇరుగుపొరుగు మీ బాగోగులన్నీ కనుక్కుంటారని దాన్ని సుగుణాల కింద చేర్చాడు. ఆయన్ను మా గోడ పక్కన ఒక నెల ఉంచాలనిపించింది.

నా భార్య వద్దనలేదు, సరేననలేదు. ప్రశ్నలు వేసింది. "మీకు కడుపుల తిప్పితే ఆడ డాక్టర్‌కు ఏ భాషల చెప్తరు?"

ఫోనే అనువాదం చేసి చెబుతుందన్నాను. అయితే చూపించమంది. "కడుపుల తిప్పుతాంది" అని ఫోన్‌లో చెప్పాను. అది వియత్నాం భాషలో ఏదో పలికింది. పలికినదాన్ని మళ్లీ తెలుగులోకి మార్చమంది నా భార్య. "నేను గర్భవతిని" అని వచ్చింది.

"మంచిదే," అంది. "ఇద్దరికీ కలిపి ఒక్కటే వీసా అడుగుండ్రి."

ఇంత జరిగినా నేను తగ్గలేదు. గేటుకు టు-లెట్ బోర్డు కట్టాను. బదిలీ మీద వస్తున్న ఒక బ్యాంకు ఆఫీసరు ఇల్లు చూసుకుని వెళ్లాడు. నచ్చింది. పెద్దల రోజులు నడుస్తున్నాయి గనక పెత్రమాస దాటాక మాట ఖాయం చేసుకుందామన్నాడు. పెత్రమాస అంటే పోయినవాళ్లను తలుచుకునే అమావాస్య. వాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో డాబా మీద పెడతాం. కాకి ముడితే పెద్దలు తిన్నట్టు.

ఆ మాట వినగానే అత్తమ్మకు అసలు ప్రశ్న గుర్తొచ్చింది.

"అయ్యా, అక్కడ కాకులుంటయా?"

నాకు అర్థం కాలేదు.

"మీ మామకు నేను ఏటా పెడ్తాన గదా. ఆడికి పోయినంక ఎవలకు పెట్టాలె? సముద్రం ఉంటది సరే. కాకుల సంగతి కనుక్కో జర."

కామర్స్ పట్టా ఉన్న మనిషిని. ఒక మధ్యాహ్నమంతా వియత్నాంలో కాకుల లభ్యత గురించి వెతికాను. అడవుల్లో ఉన్నాయంటారు, ఊళ్లలో తక్కువంటారు, నేను పోయే ఊరి గురించి ఎవరూ ఏమీ అనరు. చివరికి సిగ్గు విడిచి అమెరికావాడి వీడియో కింద, అయ్యా మీ ఊళ్లో కాకులున్నాయా అని రాశాను. మర్నాటికల్లా జవాబిచ్చాడు. ఇక్కడికొచ్చాక ఒక్కటి కూడా చూడలేదు, పొద్దున్నే చాలా ప్రశాంతంగా ఉంటుంది, మీరు నిశ్చింతగా రావచ్చు అన్నాడు. పైన నవ్వు బొమ్మ పెట్టాడు. మంచివాడే పాపం.

చదివి వినిపించాను. అత్తమ్మ చీర మడతపెట్టి బీరువాలో పెట్టేసింది. మాట అన్నది నా భార్యే.

"కాకి ఒక్కటుంటే అయిపోతదా? బాపు పోయినప్పుడు ఏమైందో యాదికున్నదా?"

ఎందుకు లేదు. మా మామ మా దగ్గరే ఉండేవాడు, మా ఇంట్లోనే పోయాడు. మూడోరోజు పిట్టకు పెట్టాం. మటన్ పెట్టాం, గారెలు పెట్టాం, కల్లు పెట్టాం. కాకులు వచ్చాయి. గోడ మీద వరసగా కూర్చుని, పెళ్లిచూపులకొచ్చిన మగపెళ్లివాళ్లలా చూశాయి తప్ప ఒక్కటీ ముట్టలేదు. ఎండ నెత్తికెక్కింది. అత్తమ్మ, ఏం కోరిక మిగిలిందయ్యా నీకు అని ఏడ్చింది. చుట్టాలు నావైపు చూశారు. కోరిక తీర్చనివాడు అల్లుడే అయి ఉంటాడన్నట్టు.

అప్పుడు కండక్టరు పక్కడాబా దిగి, ఎటో పోయి, కాగితం పొట్లంతో వచ్చాడు. విస్తరి మూలన రెండు మిర్చిబజ్జీలు పెట్టాడు. పెట్టి చెయ్యి తీశాడో లేదో కాకి ఒకటి ఎగరేసుకుపోయింది.

మా మామకు బీపీ. నూనె ముట్టొద్దని డాక్టరు చెబితే రెండేళ్లు ఆయనకు చప్పిడి కూడు పెట్టాం. మేము ఆయన్ను చూసుకుంటున్న తీరుకు మాకే ముచ్చటేసేది. ఆ రెండేళ్లూ సాయంత్రం వాకింగ్ పేరుతో కండక్టరు ఆయన్ను చౌరస్తా బండి దగ్గరికి తీసుకుపోయి బజ్జీలు తినిపించాడు. "మస్తు బతిమిలాడిండు సార్," అన్నాడు తల గోక్కుంటూ. "పెద్దబాపు మాట ఎట్ల తీసేస్త?" ఆయన్ను తిట్టాలో, కాళ్లు మొక్కాలో ఆ రోజు తేల్చుకోలేకపోయాను. ఇప్పటికీ తేలలేదు.

"గందుకే చెప్తాన," అంది నా భార్య. "రేపు ఆ దేశంల మీకే పిట్ట ముట్టకపోతే నేనేం పెట్టాలె? మీరు బయట ఏం తింటాండ్లో నాకేం ఎరుక? ఆయనకే ఎరుక."

ఏమీ తినడం లేదన్నాను. గోడ అవతల ఎవరో దగ్గారు.

పెత్రమాస రోజు పొద్దున మా వీధిలో ప్రతి డాబా మీదా ఒక విస్తరి ఉంది. సాయంత్రం బతుకమ్మ, పూలు ఏరుకోవాలి, పేర్చుకోవాలి. అందరికీ తొందర. ఆ రోజు కాకికుండే గిరాకీ కలెక్టరుకు కూడా ఉండదు. మూల మీది ఇంట్లో రెండు తిన్నాయి, వాటర్ ట్యాంకు మీద ఒకటి కడుపు నిండి నిద్రపోతోంది. మా విస్తరి వైపు ఒక్కటీ రాలేదు. కండక్టరు తెచ్చిన మిర్చిబజ్జీలు చల్లారిపోతున్నాయి.

అత్తమ్మ కర్ర పట్టుకుని మెట్లన్నీ ఎక్కి వచ్చింది. "మీ మామ ముడ్తలేడు," అంది. "నేను పోతానని కోపమొచ్చింది."

"కోపం కాదు పెద్దమ్మా, పిలువలేదు గంతే," అని కండక్టరు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని "కావ్! కావ్!" అని అరిచాడు. బస్టాండులో లోకల్ ప్యాసింజర్లను పిలిచిన గొంతు అది. అటు పక్క డాబా మీది టీచరమ్మ అందుకుంది. ఎదురింటి కిరాణా సేటు, ఆయన భార్య అందుకున్నారు. వాళ్ల కాకులు వచ్చిపోయాయి, వాళ్ల పని అయిపోయింది. అయినా మా మామ కోసం వీధి వీధంతా కాకిలా అరిచింది. కాసేపటికి నేనూ అరుస్తున్నాను. పట్టా తీసుకున్నప్పుడు నా భవిష్యత్తును ఈ విధంగా ఊహించుకోలేదు.

ట్యాంకు మీది కాకి బద్ధకంగా లేచింది. మా డాబా మీద వాలి, మటన్ దాటి, గారె దాటి, బజ్జీ ఒకటి ముక్కున పట్టుకుని కిందికి ఎగిరి, సరిగ్గా గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"సూసినవా!" అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "బోర్డు మీదనే కూసున్నడు. పోయి సముద్రం సూసి రమ్మంటాండు."

"అట్ల కాదు పెద్దమ్మా," అన్నాడు కండక్టరు. "బోర్డు తొక్కుతాండు సూడు. ఇల్లు నాది, ఎవనికీ ఇయ్యొద్దంటాండు."

"నీకు ఎరుకనా, నాకు ఎరుకనా? నా మొగడు!"

"బజ్జీలు నావి గదా!"

సేటు అత్తమ్మ వైపు, టీచరమ్మ కండక్టరు వైపు చేరారు. నా భార్య ఎటూ చేరకుండా నావైపు చూస్తోంది. అప్పుడే ఫోన్ మోగింది. బ్యాంకు ఆఫీసరు.

"నమస్కారమండీ. రేపు వచ్చి అడ్వాన్సు ఇచ్చేయమంటారా? అదేంటండీ ఆ గోల?"

"కాకిని పిలుస్తున్నమండీ," అన్నాను. "ఇల్లు సంగతి... మా మామగారి మాట ఏందో జర తేలాలె."

"పెద్దాయన ఊళ్లోనే ఉన్నారాండీ?"

గేటు వైపు చూశాను. "ఉన్నారండీ. బజ్జీ తింటున్నారు."

"పరవాలేదండీ, తిననివ్వండి. తర్వాతే అడగండి."

ఆ తర్వాత వారం దాకా ఎటూ తేలలేదు. బ్యాంకు ఆఫీసరు వేరే ఇల్లు చూసుకున్నాడు. బోర్డు మీద నూనె మరక పడింది, ఎంత తుడిచినా పోలేదు. విప్పేసి నీళ్ల డ్రమ్ము మీద మూతగా పెట్టాను. డబ్బు ముందు అయిపోతుందా, నేను ముందా అన్న ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది. అమెరికావాడి వీడియోలు ఇప్పటికీ చూస్తాను. ఈమధ్య ఆయనకు కడుపు బాగుండడం లేదట. డాక్టరుకు ఏమని చెప్పుకున్నాడో అని దిగులేసింది.

అత్తమ్మ మాత్రం మామ ఇచ్చిన అనుమతిని వదులుకోలేదు. సముద్రం చూసి తీరాలంది. చీరాల రైలుకు టికెట్లు తీశాం. ఆమె కిటికీ సీటు కావాలంది. కండక్టరు, ఆయన భార్య కూడా వస్తామన్నారు. వద్దని ఎవరం అనలేకపోయాం.

తెల్లవారగానే ఆటో వచ్చింది. అత్తమ్మ పాస్‌పోర్టు ఫొటో చీర కట్టుకుని ముందే ఎక్కి కూర్చుంది. నేను సామాను పెట్టి గేటుకు తాళం వేస్తున్నాను. గోడ అవతలి నుంచి కండక్టరు తన సంచి భుజాన వేసుకుని, చేతిలో మా అందరి టికెట్లు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడికి సార్?" అన్నాడు.