తడి గడియారం

మా అత్త అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, పెరటి గుమ్మంలో గొంతుక్కూర్చుని తాగేది. శ్రీకాకుళం వైపు అది వింత కాదు, మా అమ్మమ్మా అలాగే తాగేది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మాత్రం బీడీలు కాల్చే ఆడవాళ్లు కూడా గోడ మీంచి తొంగి చూసేవారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది ఎనభైల నడిమిలో. మామగారు గార్డుగా పనిచేసి అప్పటికే పోయారు. మా ఆయన లోకో షెడ్డులో పనికి వెళ్లిపోతే ఇంట్లో అత్తా, నేనూ మిగిలేవాళ్లం. నాకు హిందీ రాదు. బజారుకెళ్లినా, పక్కింటికెళ్లినా ఆవిడ కొంగు పట్టుకునే తిరిగేదాన్ని.

వేసవి వచ్చిందంటే అత్తకు చుట్టల బెంగ. మనవాళ్లెవరైనా ఊరి నుంచి వస్తూ కట్టలు తెచ్చేవారు. వడగాలి మొదలయ్యేసరికి అవి అప్పడాల్లా ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలేవి. తడిగుడ్డ చుడితే బూజు పట్టేవి.

"ఈ గాలికి ఏటి దాచినా నిలవదే అమ్మీ. మా ఊర్లో చూరులో గుచ్చి ఒగ్గేస్తే నెల్లాళ్లకైనా మెత్తగా ఉండీవి" అనేది.

మా వెనక లైన్లో ఒక ఆంగ్లో ఇండియన్ ముసలాయన ఉండేవాడు, రిటైరైన డ్రైవరు. ఆయన సిగార్లు తాగేవాడు. సాయంత్రాలు నడకకు వస్తూ అత్త పొగ వాసనకు మా పెరటి దగ్గర ఆగేవాడు. ఆ ఏడు డాక్టరు ఆయనను పొగ మానెయ్యమన్నాడు. మానేసి, తన సిగార్ల పెట్టె తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. ముదురు రంగు చెక్క పెట్టె, మూత తీస్తే దేవదారు వాసన. లోపల తడి స్పాంజి పెట్టే చిన్న డబ్బీ, మూతకు గుండ్రటి అద్దంలో ఒక ముల్లు. గాల్లో తడి ఎంతుందో ఆ ముల్లు చూపిస్తుందట. దాన్ని హైగ్రోమీటర్ అంటారని ఆయన చెప్పాడు. అత్త దానికి తడి గడియారం అని పేరు పెట్టింది.

ఆయన హిందీలో ఏదో గట్టిగా చెప్పాడు. నేను అత్త ముఖం చూశాను.

"ఈ ముల్లు అబద్దాలాడతాదంటన్నారు సాబు. ముందు దానికి ఉప్పుతో పరీచ్చ పెట్టాలంట."

ఆయన చెప్పినట్టే చేశాం. సోడా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యే మేరకు నాలుగు చుక్కల నీళ్లు వేశాను. ముల్లును అద్దంతో సహా మూత నుంచి ఊడదీసి, దాన్నీ ఉప్పునూ ఒక బిస్కెట్ డబ్బాలో పక్కపక్కన పెట్టి గాలి చొరకుండా బిగించాం. తడి ఉప్పు మూసిన డబ్బాలో గాలి తడిని నూటికి డెబ్భై అయిదు దగ్గరే నిలబెడుతుందట, ఏ ఊళ్లోనైనా సరే. మర్నాటికి ముల్లు అక్కడికి రావాలి. అత్త ఆ డబ్బాను పోపులపెట్టె పక్కన పెట్టుకుని నన్ను కూడా తాకనివ్వలేదు.

మర్నాడు మూత తీస్తే ముల్లు అరవై దగ్గర ఉంది.

"సూసినావా, దొంగముండ!" అని అత్త పడీపడీ నవ్వింది. సాయంత్రం ముసలాయన వచ్చి అద్దం వెనకనున్న చిన్న స్క్రూను తిప్పి ముల్లును డెబ్భై అయిదుకు తెచ్చాడు. పెట్టెలో డెబ్భై దాటనివ్వకండి, బూజు పడుతుంది అని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఆ రాత్రి అన్నాలు తింటూ అత్త అంది, "మరి మా ఊర్లో ఎంత సూపిత్తాదో?"

ఎవరికి తెలుసు? అత్త పుట్టిన ఊరు టెక్కలి అవతల, సముద్రం ఒడ్డున. అన్నదమ్ములు పంచుకుని, ఇల్లు అమ్మేసి తలో దిక్కూ పోయారు. రైల్వే పాసు ఉన్నా ఆవిడ వెళ్లేది కాదు. "ఎవులింటికని ఎల్తాను?" అనేది.

మే నెలలో మా తమ్ముడి పెళ్లికి నేను పుట్టింటికి బయల్దేరాను. అత్త ఆ ముల్లును పాత చీరగుడ్డలో చుట్టి నా సంచిలో అడుగున పెట్టింది. "మా ఇంటి అరుగు మీద పొద్దున్నే పెట్టి సూడు."

రైలు కుదుపులకు ముల్లు కదిలిందేమోనని, మా అమ్మ నవ్వుతున్నా వినకుండా, మా ఇంట్లో మళ్లీ ఉప్పు పరీక్ష పెట్టాను. కొంచెమే తేడా. సరిచేసుకుని, పెళ్లయ్యాక ఒక తెల్లవారుజామున నాన్నతో అత్త ఊరు వెళ్లాను.

ఆ ఇంట్లో ఉన్నావిడ నన్ను చూసి వాకిలి ఊడవడం ఆపింది. మా అత్త ఇక్కడే పుట్టిందని చెప్పి అరుగు మీద కూర్చోనిమ్మన్నాను. మంచినీళ్లు ఇచ్చి పక్కనే కూర్చుంది. సరుగుడు తోపు మీంచి గాలి వస్తోంది. ముల్లు మెల్లగా జరిగి ఎనభై దాటి ఆగింది. నా చేతులు జిగటగా ఉన్నాయి, పెదాల మీద ఉప్పదనం.

"మీ అత్తని ఓపాలి రమ్మనమ్మా" అంది ఆవిడ, నేను లేస్తుంటే.

తిరిగొచ్చి ముల్లు ఎనభై దాటిందనీ, ఆవిడ రమ్మందనీ చెప్పాను. అత్త ముఖం ఎర్రబడింది.

"అదేటే నన్ను పిలిసేది, మా ఇంటికి?"

ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పెట్టెలో స్పాంజి రెండింతలు తడిపి, ముల్లు ఎనభైకి వచ్చేదాకా కూర్చుంది. వారం తిరక్కుండా చుట్టలకు తెల్లటి నూగు పట్టింది. ముసలాయన చూసి తల పట్టుకున్నాడు. "వానాకాలం మా ఊర్లోనూ పట్టీది సాబు" అని వాటిని చీర చెంగుతో తుడిచి, ఎండలో కాసేపు పెట్టి తాగింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు గచ్చు తుడుస్తున్న నన్ను అడిగింది, "ఆ యమ్మి రమ్మన్నాది మరియాదకేనా, నిజంగానేనా?"

"నిజంగానే అత్తా."

"అచ్ఛా. అయితే సలికాలం ఎల్దాం."

పాసు రాయించాం. కానీ దసరాలకు ముందే ఆవిడకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట మిగిలింది, నడక పోయింది. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ మధ్యాహ్నాలు నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకునేది.

"ఆ అరుగు మీద కూకున్నావు కదా. ఏటేటి కనిపించినాయి, సెప్పు."

చెప్పేదాన్ని. తోపు, ఇసుక, వలలు ఆరేసిన వాసాలు. చూసింది అయిపోతే చూడనివి కూడా చెప్పేదాన్ని. గోడ వారన ములగ చెట్టు ఒకటి ఉందని ఓసారి అన్నాను.

"ఉందా, ఇంకా?" అంది అత్త. కళ్లు మూసుకుంది. తర్వాత, "నూతి పక్కనేనా?" అంది.

"నూతి పక్కనే" అన్నాను.